కరెంటు సాన

జానీ బాషా తన జన్మలో తొక్కిన తొక్కుడంతా ఒక దారిగా పరిస్తే ఢిల్లీ దాటి పోయేది. కానీ అందులో సగానికి పైగా ఉన్నచోట ఉండి తొక్కిందే. సాన పట్టేవాడి సైకిలు అంతే మరి. వీధిలోకి రాగానే స్టాండు వేస్తాడు. వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. దానికి బెల్టు తగిలించి, సీటు మీద కూర్చుని తొక్కుతాడు. సైకిలు కదలదు. ముందు కడ్డీ మీద బిగించిన సానరాయి గిర్రున తిరుగుతుంది. కత్తిపీట అంచు దానికి ఆనిస్తే రవ్వలు లేస్తాయి. ఆడవాళ్లు గడపల్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. బాషా మాత్రం ఎక్కడికీ పోకుండా మైళ్లకు మైళ్లు తొక్కుతూ ఉంటాడు.

వాళ్ల తాత నాడు ఆ సైకిలు కూడా లేదు. తాత రాయి ముందు కూర్చుంటే నాయనమ్మ ఎదురుగా కూర్చుని తోలుపట్టె లాగి రాయి తిప్పేది. కాన్పు అయిన నలభై రోజులు తప్ప ఆవిడ చేతులు ఆ పట్టెను వదల్లేదని చెప్పుకునేవారు. తండ్రి హయాంలో సైకిలు వచ్చింది. అప్పుడూ జనం ముక్కున వేలేసుకున్నారు. కాళ్లతో తొక్కి పట్టిన సాన ఏం సాన, ఆ కత్తిపీట మీద దేవుడి నైవేద్యానికి కూరలు తరగొచ్చా అని పంతులుగారిని అడిగిన ఇల్లాళ్లు కూడా ఉన్నారట. పంతులుగారు ఏం చెప్పారో తెలీదు గాని, ఓ ఏడాదికి అందరూ మరిచిపోయారు.

బాషాకి తెనాలిలో ఇల్లు. సోమ మంగళవారాలు తెనాలి వీధులు. బుధవారం పొద్దున్నే సైకిలుతో సహా రైలెక్కి రేపల్లె. గురువారం చుట్టుపక్కల ఊళ్లు. శుక్రవారం నమాజు, సెలవు. శనివారం బాపట్ల. ముప్పై నాలుగేళ్లు ఈ వరస తప్పలేదు. ముప్పై అయిదో ఏట కుడి మోకాలు మొరాయించింది. పొద్దున లేచి మూత్రానికి పోవాలంటే గోడ పట్టుకోవాలి. సాయంత్రానికి మోకాలు బత్తాయికాయంత అయ్యేది. భార్య జహీరా ఆముదం కాచి రాసేది, తమలపాకు వెచ్చచేసి కట్టేది. ఆఖరికి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు ఎక్స్‌రే ఫోటో దీపానికి అడ్డంపెట్టి చూసి, "లోపల గుజ్జు అరిగిపోయింది. సైకిలు తొక్కడం మానెయ్" అన్నాడు.

"సైకిలు మానేస్తే సాన ఎట్లాగండి?"

"ఇంకేదన్నా పని చూసుకో."

"యాభై ఎనిమిదేళ్లొచ్చినాయండి. ఇప్పుడు ఇంకేం పని ఇస్తారండి నాకు?"

దానికి డాక్టరు దగ్గర మందు లేదు. తరవాత మనిషిని పిలిచాడు.

ఇది రెండువేల ఎనిమిదో సంవత్సరం ఉగాది అయిన కొత్తల్లో మాట. ఆ ఉగాదికే తెనాలిలో శేషగిరిరావు అనే ఆయన కరెంటు బళ్ల షాపు తెరిచాడు. కర్లపాలెం దగ్గర భూమి ఉన్నవాడు, పొలం కౌలుకిచ్చి వ్యాపారంలోకి దిగాడు. అద్దాల తలుపులు, లోపల రంగురంగుల సైకిళ్లు, నాలుగైదు స్కూటర్లు. ప్లగ్గు పెడితే చాలు, పెట్రోలు అక్కర్లేదు. సైకిలైతే తొక్కినా పోతుంది, తొక్కకపోయినా పోతుంది. రిబ్బన్ కత్తిరించిన రోజున జనం కిటకిటలాడారు. తరవాత కూడా వచ్చేవారు. చల్లగా ఫ్యాను కింద కూర్చుని, మంచినీళ్లు తాగి, హారన్లు నొక్కి చూసి పోయేవారు. కొన్నవాడు లేడు.

"లైసెన్సు అక్కర్లేదండి, రిజిస్ట్రేషనూ అక్కర్లేదండి" అని శేషగిరిరావు గొప్పగా చెప్పేవాడు. ఆ మాటే ఆయన కొంప ముంచింది.

"పోలీసు కూడా ఆపని బండి ఒక బండా అండి?" అనేవారు వచ్చినవాళ్లు.

"శబ్దమే రాదండి."

"శబ్దం రాకపోతే మనం వచ్చినట్టు ఇంట్లోవాళ్లకి ఎట్లా తెలుస్తుందండి?"

వీటికి జవాబు చెప్పీ చెప్పీ ఆయన గొంతు పోయింది. ఆయన భార్య శకుంతల ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆవిడ కత్తెరలు మొదటినుంచీ బాషాయే సాన పట్టేవాడు. ఓ మంగళవారం ఆ ఇంటి ముందు బాషా సైకిలు దిగబోతూ ప్రహరీ పట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే నిలబడిపోయాడు. అరుగు మీద పేపరు చదువుతున్న శేషగిరిరావు అది చూశాడు.

"ఏంటి బాషా, ఒంట్లో బాలేదా?"

"ఒళ్లంతా బానే ఉందండి, ఒక్క మోకాలే" అని సంగతంతా చెప్పాడు.

శేషగిరిరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నువ్వు మూడూళ్లు తిరిగేవాడివి. ప్రతి వీధిలోనూ అరగంట కూర్చుంటావు, పదిమంది నీ చుట్టూ మూగుతారు. నాకు అంతకన్నా బోర్డేం కావాలి? షాపులో నుంచి ఒక సైకిలు తీసుకెళ్లు. నీ రాయి దానికి బిగించుకో. అడిగినవాళ్లకి ఇది కరెంటుదని చెప్పు, నా షాపు చెప్పు. దసరాకల్లా నీ మాట మీద నలుగురొచ్చి కొన్నారా, ఆ సైకిలు నీదే. రాలేదా, నేను షాపు మూసుకోవాల్సిందే. సైకిలు కంపెనీకి పోతుంది."

నాలుగు ఒక లెక్కా అనుకున్నాడు బాషా. మూడూళ్లలో తనకి కత్తులిచ్చే ఇళ్లు వందల్లో ఉంటాయి.

సైకిలు ఇంటికి తెచ్చిన రోజున జహీరా దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మనింట్లో ఒక్కటే ప్లగ్గు. దీనికి పెడితే ఫ్యాను ఉండదు" అంది.

"కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఎట్లాగూ ఉండదుగా."

"అప్పుడు ఇదీ ఉండదు" అంది జహీరా. ఆవిడ మాటకారితనం అలాంటిది.

మొదటి శనివారం బాపట్ల బయల్దేరాడు. స్టేషన్లో ఆ బరువు ఎత్తడానికి ఇద్దరు పాలవాళ్లు చెయ్యేయాల్సి వచ్చింది. గార్డు వచ్చి సీటు కింద పెట్టెను వంగి చూశాడు.

"ఇది బండా, సైకిలా?"

"సైకిలేనండి."

"సైకిలైతే ఇంత బరువేంటి? బండైతే పెట్రోలు తీసేశావా?"

"పెట్రోలు లేదండి, బ్యాటరీ."

"నాకు పుస్తకంలో బండి, సైకిలు అని రెండే ఉన్నాయి" అని గార్డు తల గోక్కున్నాడు. బండి కనిపెట్టినవాడిని తిట్టుకుంటూనే ఎక్కించుకున్నాడు.

బాపట్లలో దిగి రోడ్డెక్కాక బాషాకి ఏడుపొచ్చినంత పనైంది. మీట నొక్కితే అదే పోతోంది. మోకాలు ఊరికే వేలాడుతోంది. ఇన్నేళ్లలో ఆ కాలు పనిలేకుండా రోడ్డు మీద పోవడం అదే మొదలు. ఒకచోట ఆగి, ఎవరూ చూడకుండా దాన్ని చేత్తో నిమిరాడు.

మొదటి బేరం శేషారత్నంగారి ఇల్లు. డెబ్భై దాటిన మనిషి. అత్తగారి నాటి కత్తిపీట ఆవిడది, మూడు నెలలకోసారి బాషా చేతికి తప్ప ఇంకొకరికి ఇవ్వదు. కత్తి చేతికివ్వకూడదు గనక తెచ్చి మెట్టు మీద పెడుతుంది, బాషా మెట్టు మీంచి తీసుకుంటాడు. ఆ రోజూ అలాగే పెట్టి, ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

బాషా స్టాండు వేసి, బెల్టు తగిలించి, మీటను ట్యూబు ముక్కతో బిగించి కట్టేశాడు. రెండు చేతులూ కత్తిపీటకే కావాలి కదా. రాయి లేచి తిరిగింది. ఆ జోరు బాషా తండ్రి కూడా చూసి ఉండడు.

"ఏంటి బాషా, కాళ్లు ఆడట్లేదు?"

"మోటారమ్మా. కరెంటుది. తెనాలిలో షాపు పెట్టారు."

ఆవిడ బాషా కాళ్లకేసే చూస్తూ కూర్చుంది. కత్తి రాయికి ఆన్చాడు. రవ్వలు జల్లుగా కురిశాయి. ముద్దొచ్చేలా మెరిసింది అంచు. కానీ తిప్పి చూసేసరికి మొన దగ్గర వేలెడు మేర నీలంగా మారి ఉంది.

 నీలం తిరిగిందంటే ఇనుము కాలిందని. కాలిన ఇనుము పదును నిలుపుకోదు, వారానికే మొద్దుబారుతుంది. సాన పట్టేవాడికి ఇంతకన్నా తలవంపు లేదు. ఎందుకైందో కూడా అతనికి ఆ క్షణమే తెలిసిపోయింది. తొక్కేటప్పుడు కాలికి అలుపొచ్చి మధ్యమధ్య మెల్లబడేది, ఆ మెల్లబడ్డంలోనే ఇనుము చల్లారేది. అలుపూ పనిలో ఒక భాగమేనని ముప్పై నాలుగేళ్లలో ఎప్పుడూ తోచలేదు. ఈ మోటారుకి అలుపు లేదు.

నీళ్లు చల్లాడు. నీలం కనబడకుండా పైపైన రుద్దాడు. కత్తిపీట మెట్టు మీద పెట్టేసి, గమ్మున పక్క వీధికి పోయాడు.

మరుసటి శనివారం శేషారత్నం గుమ్మంలోనే పట్టుకుంది. "వంకాయ కోస్తుంటే తెగట్లేదు, నలుగుతోంది. కాకరకాయ కోస్తే చెయ్యి జుమ్మంది. కరెంటు ఎక్కింది నా కత్తికి."

పక్కింటి పూర్ణచంద్రరావు ప్రహరీ మీంచి తల పెట్టాడు. "కరెంటు పోయినప్పుడు కూడా పదును ఉంటుందా బాషా?"

అందరూ నవ్వారు. అప్పుడైనా చెప్పాల్సింది, కరెంటు కాదమ్మా, వేగం చూసుకోలేక నేనే కాల్చానని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కత్తి కాల్చిన సానవాడు అనిపించుకోవడానికి నోరు పెగల్లేదు. తాత పేరు, తండ్రి పేరు గుర్తొచ్చాయి. "కొత్త మోటారమ్మా, అలవాటవుతుంది" అని గొణిగాడు. నింద కరెంటు మీదికి పోయింది. కరెంటుకి నోరు లేదు.

శేషారత్నానికి ఆడపడుచు రేపల్లెలో ఉంది, సుందరమ్మ. వదినా మరదళ్లు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోనులో మాట్లాడుకోందే పడుకోరు. బుధవారం బాషా రేపల్లె చేరేసరికే కబురు ముందే చేరింది. రైసుమిల్లు వెనక వీధిలో కేకేస్తే తలుపులు తెరుచుకున్నాయి గాని కత్తులు బయటికి రాలేదు.

"కరెంటు సానంటగా. మాకొద్దులే బాబాయ్, పిల్లలున్న ఇల్లు."

"కాళ్లూ చేతులూ ఆడించకుండా కూర్చుంటే రాయి దానంతటదే పట్టే సానకి నువ్వెందుకయ్యా, మేమే పట్టుకుంటాంలే" అంది సుందరమ్మ. ఆవిడ నోటికి రేపల్లె అంతా దడుస్తుంది. అయినా మనసున్న మనిషి. ఆ నోరే బాషాకి ఇన్నేళ్లూ వీధి వీధంతా కత్తులు తెచ్చిపెట్టింది.

రెండు వారాలు మూడూళ్లలోనూ అదే తంతు. పాతిక కత్తులు వచ్చేచోట మూడు కూడా రాలేదు. కరెంటు సైకిలు వెనక్కి ఇచ్చేద్దామంటే పాత సైకిలు తొక్కే కాలు లేదు. తొక్కకుండా సాన పడితే కత్తి ఇచ్చే ఇల్లు లేదు. ఇంట్లో జహీరా అన్నం పెట్టి, అతను కలిపిన అన్నం తినకుండా కూర్చోవడం చూసి చూసి, చివరికి ఒక గోనెసంచి తెచ్చి ముందు పడేసింది.

"ఆ పెట్టెకి ఇది కట్టండి. కాళ్లు ఊరికే తిప్పండి. వాళ్లకి కావాల్సింది కాళ్లు తిరగడమేగా."

అలా మొదలైంది ఆ నాటకం. బ్యాటరీ పెట్టెకి గోనె చుట్టాడు. కంపెనీ బొమ్మ గీకేశాడు. మీటను సగానికే కట్టి, నీళ్లు రెండింతలు పోసి, కత్తి కాలకుండా పట్టడం నేర్చుకున్నాడు. పదును మునుపటికన్నా ఒక వీసం ఎక్కువే వచ్చేది. పైకి మాత్రం కాళ్లు తొక్కుతూనే ఉండాలి. "మానేశానమ్మా అది, పాత పద్ధతే" అని చెప్పాడు. వర్షాలు పడేనాటికి కత్తులన్నీ తిరిగొచ్చాయి.

"ఇదీ సానంటే" అంది సుందరమ్మ. "చెమట పట్టకపోతే పదును ఎక్కడినుంచి వస్తుంది?"

చెమట అబద్ధం కాదు. బరువు లేకపోయినా మోకాలు వంగడం వంగడమే. రోజంతా ఉత్తుత్తిగా తొక్కితే సాయంత్రానికి మళ్లీ బత్తాయికాయ. పాత సైకిలైతే పని చేసి అలిసిపోయేవాడు. ఇప్పుడు పని మోటారు చేస్తుంటే, చేస్తున్నట్టు కనబడి అలిసిపోతున్నాడు. అన్నిటికన్నా ఇదే అతన్ని పీల్చేసింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే నడుం, కాళ్లు, మనసు అన్నీ ఒక్కసారే బరువెక్కేవి. రేపల్లె నుంచి తెనాలి దాకా కళ్లు తెరిచేవాడు కాదు.

సోమవారాలు షాపు ముందునుంచి పోవాల్సి వచ్చేది. శేషగిరిరావు తలుపు దగ్గరే నిలబడి ఉండేవాడు.

"ఎవరన్నా అడుగుతున్నారా బాషా?"

"అడుగుతున్నారండి. వస్తామంటున్నారు."

"ఎవరూ రాలేదే."

"వర్షాలు కదండి. వర్షంలో కరెంటంటే కాస్త భయం."

"అదీ నిజమేలే" అనేవాడు ఆ పెద్దమనిషి, లోపలికి పోయి ఖాళీ షాపులో కూర్చునేవాడు. బాషా తెనాలిలో ఆ వీధి దాటేదాకా గోనె విప్పి చంకలో పెట్టుకునేవాడు, దాటాక మళ్లీ కట్టేవాడు.

వినాయకచవితి వెళ్లింది. దసరా నెలరోజుల్లోకి వచ్చింది. ఒక బుధవారం బాషా రేపల్లెలో రైసుమిల్లు వెనక వీధిలో పనిలో ఉన్నాడు. చుట్టూ ఆరేడుగురు ఆడవాళ్లు. సుందరమ్మ తన కత్తిపీట పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. జాకెట్లు కుట్టే కావేరి అనే అమ్మాయి రెండు కత్తెరలు పట్టుకుని నిలబడింది. బాషా తలొంచుకుని కాళ్లు తిప్పుతున్నాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. తలెత్తేసరికి వాళ్ల వెనక, చేతిలో కాగితాల కట్టతో, శేషగిరిరావు నిలబడి ఉన్నాడు.

తన షాపు ప్రకటన కాగితాలు బాషా చుట్టూ చేరినవాళ్లకి తనే పంచుదామని ఆయన తరవాతి రైలుకి వచ్చాడు. వచ్చి ఎంతసేపైందో తెలీదు. గోనె చూశాడు, తిరుగుతున్న కాళ్లు చూశాడు.

బాషా కాళ్లు ఆగాయి. రాయి ఆగలేదు, తిరుగుతూనే ఉంది.

అది చూసింది సుందరమ్మ. "అదేంటి, నువ్వు ఆపినా అది తిరుగుతోంది?"

 శేషగిరిరావు వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపం తెచ్చుకునే ఓపిక ఆయనకీ అయిపోయినట్టుంది. "నువ్వు కూడా దాచేశావా బాషా" అన్నాడు. "పోనీలే. నువ్వొక్కడివి చెబితే మాత్రం కొంటారా."

తిట్టి ఉంటే బాషా పడేవాడు. ఆ మాటకి తట్టుకోలేకపోయాడు.

"మీరు ఇందాక తెనాలి స్టేషన్‌కి దేని మీద వచ్చారండి?" అన్నాడు తలెత్తకుండా.

శేషగిరిరావు కాగితాల కట్టకేసి చూసుకున్నాడు. "మోటారు సైకిలు మీద."

"పెట్రోలుదేనాండి?"

"ఊ. కరెంటు బండి మీద పోతే నలుగురూ నవ్వుతారని మా ఆవిడంటుంది." కట్ట ఒళ్లో పెట్టుకుని, "నాకూ అలాగే ఉంటుందిలే" అన్నాడు.

అప్పుడు బాషా మీట కట్టు విప్పాడు, రాయి ఆగింది. గోనె ముడి విప్పబోతే చెమటకి తడిసి రాలేదు. అప్పటికే సాన పట్టి పక్కన పెట్టిన కత్తెరతో కోసి తీసేశాడు. నల్లటి పెట్టె బయటపడింది.

"ఇది మోటారే అమ్మా. అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. నాలుగు నెలల్నుంచి మీ కత్తులన్నీ దీంతోనే పట్టాను. కాళ్లు ఊరికే తిప్పాను. మోకాలు అరిగిపోయింది, తొక్కలేను. తొక్కకపోతే మీరు కత్తి ఇవ్వరు."

"అయ్యో" అని ఒకావిడ వెనక్కి జరిగింది, పెట్టె ఏదో కరుస్తుందన్నట్టు.

కావేరి తన రెండు కత్తెరలూ కొంగులో చుట్టుకుంది. "ఇన్నాళ్లూ అబద్ధం చెప్పావా బాబాయ్? వద్దులే, మళ్లీ చూద్దాం" అని వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వెళ్లారు.

సుందరమ్మ లేవలేదు. "మరి బాపట్లలో మా వదిన కత్తి సంగతేంటి? చెయ్యి జుమ్మందంది. అదైనా కరెంటు కాదా?"

ఇదే బాషా నాలుగు నెలలుగా మింగుతున్న ముద్ద. ఇవాళ కూడా మింగేస్తే పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. అరుగు చివర శేషగిరిరావు కాగితాల అంచులు సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

"కాదమ్మా. కరెంటు కత్తిలోకి రాదు. నాకు వేగం తెలీక కాల్చేశాను. కాలిన సంగతి అప్పుడే చూశాను. సానవాణ్ణి, కత్తి కాల్చానని చెప్పుకోలేక కరెంటు మీద పోనిచ్చాను. ఈ బాబుగారి షాపుకి మనిషి రాకుండా పోయింది నా మూలానే. వదినగారితో కూడా చెప్పండి."

సుందరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. లేచి లోపలికి పోయింది. కిటికీలోంచి ఆవిడ గొంతు వీధంతా వినబడింది. "వదినా, నేనే. పడుకున్నావా. కరెంటూ కాదు ఏమీ కాదు, బాషాయే కాల్చాడంట నీ కత్తి. ఇక్కడే ఉన్నాడు, ఒప్పుకున్నాడు. ఆ జుమ్మనడమా? నీ చేతులు ఏనాటినుంచో జుమ్మంటున్నాయి, షుగరు చూపించుకోమంటే వింటివా?" తరవాత చాలాసేపు ఊ కొట్టింది. బయటికి వచ్చి, "మా వదిన నిన్ను తిట్టమంది. నాకు ఓపిక లేదు, శనివారం ఆవిడ దగ్గరే తిను" అంది.

"తింటానమ్మా."

"ఈ నాలుగు నెలలూ మోకాలు నొప్పితో ఊరికే తొక్కావా?"

"ఊరికేనమ్మా."

"చూస్తూ కూర్చున్నాను నేను కూడా. చెమట బాగుందన్నాను." ఆవిడ కత్తిపీట అతని ముందు నేల మీద పెట్టింది. "కాళ్లు కింద పెట్టుకో. పట్టు. కాల్చావో, చెప్తా."

బాషా మీట సగానికి కట్టాడు. కాళ్లు రెండూ నేల మీద ఆన్చాడు. వాటిని ఏం చేయాలో తోచలేదు. రాయి తిరగ్గానే కుడి పాదం దానంతటది లేవబోయింది, చేత్తో నొక్కిపట్టాడు. మిగిలిన ముగ్గురు ఆడవాళ్లూ దూరంగానే నిలబడి, నీలం తిరుగుతుందేమోనని అంచుకేసి చూస్తున్నారు. తిరగలేదు. చూసి వాళ్లూ ఇళ్లకి పోయారు. కత్తులు ఇవ్వలేదు. వద్దనీ అనలేదు.

గోనె విప్పాక ఆ రోజు రేపల్లెలో బాషా పట్టింది ఆ ఒక్క కత్తిపీటే. కాగితాలు పంచబుద్ధి పుట్టక శేషగిరిరావు కట్ట మొత్తం సుందరమ్మకి ఇచ్చేస్తే, ఆవిడ అలమరలో పరుచుకోవడానికి పనికొస్తాయని తీసుకుంది. సాయంత్రం రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.  పొన్నపల్లి దాటాక శేషగిరిరావే అన్నాడు. "దసరాకి మూసేస్తున్నాను. కంపెనీవాళ్లు సరుకు వెనక్కి తీసుకెళ్తారు. నీదొకటి తీసుకోరు."

"ఎందుకండి?"

"రాయి బిగించడానికి చిల్లులు పెట్టావుగా, బొమ్మ గీకేశావుగా. ఎవడు తీసుకుంటాడు దాన్ని? ఉంచుకో."

"నలుగురు రాలేదు కదండి."

"ఒక్కడూ రాలేదు" అన్నాడాయన కళ్లు మూసుకుంటూ. "నువ్వన్నా వాడు. నా షాపులో సైకిలు ఒకటి ఎక్కడో తిరుగుతోందనుకుంటాను."

దసరాకి షాపు మూశారు. ఆ అద్దాల తలుపుల వెనక తరవాత మిఠాయి దుకాణం వచ్చింది.

బాషా శనివారం బాపట్ల వెళ్లాడు, తినాల్సిన తిట్లు తిన్నాడు. అప్పట్నుంచి కేక మార్చుకున్నాడు. "కత్తులకు సాన, కత్తెరలకు సాన" అని తాత నాటినుంచి వస్తున్న కేక. దాని చివర ఒక ముక్క తగిలించాడు. "కరెంటు సానండీ, తొక్కేది కాదండీ." ముందే చెప్పేస్తే తరవాత దాచుకునే బాధ ఉండదని. ఆ ముక్కకి కొన్ని తలుపులు మూసుకునేవి. పాతిక వచ్చేచోట ఎనిమిదో తొమ్మిదో వచ్చేవి, ఒక్కో వారం పదిహేను. కావేరి మళ్లీ కత్తెరలు ఇవ్వనేలేదు, తెనాలినుంచి కొత్తవి తెప్పించుకుంటోంది.

చలికాలం మొదలైన ఒక బుధవారం రేపల్లెలో, ఇదివరకు ఎప్పుడూ వెళ్లని వీధిలో కేకేశాడు. ఒకావిడ కిటికీలోంచి, "కరెంటుదా? వద్దులే" అంది. రెండో ఇంట్లో పలకలేదు. మూడో ఇంటి గుమ్మంలో చంటిబిడ్డని ఎత్తుకున్న పిల్ల నిలబడి ఉంది.

"కరెంటుదైతే ఎంతసేపు పడుతుంది?"

"ఎంతోసేపు పట్టదమ్మా. కత్తి కాలకుండా నిదానంగా పట్టాలి, అంతే."

"అయితే ఉండు, తెస్తాను" అని లోపలికి పోయింది. బాషా సైకిలు గోడవారగా జరిపి, ఎడమకాలితో స్టాండు వేశాడు.